జల సామీప్య పురస్కారం

దేశాలు పేదవిగా ఉండడానికి కారణం అవి మాట్లాడే మాటలేనని ప్రపంచ వృద్ధి వేదిక వారు కనిపెట్టిన ఏడాదే నాకు మళ్ళీ ఉద్యోగం దొరికింది. అంతకుముందు కారణాలు వేరేగా ఉండేవి. ఒకప్పుడు జనాభా ఎక్కువన్నారు. తర్వాత చదువు తక్కువన్నారు. ఆ తర్వాత రోడ్లు బాగాలేవన్నారు. వీటిలో దేన్ని బాగుచెయ్యాలన్నా ఖర్చుతో కూడిన పని. మాటలు మార్చడానికి పెద్ద ఖర్చుండదు గనక ఈ కొత్త కారణం అన్ని ప్రభుత్వాలకూ ఒకేసారి నచ్చింది.

నా పేరు పేరి అనంతపద్మనాభం. డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. సర్వీసు మొత్తంలో ఒకే ఒక పరిశోధన వ్యాసం రాశాను. అది మా కాలేజీ వార్షిక సంచికలో, ప్రిన్సిపాల్ గారి సందేశానికీ కబడ్డీ జట్టు ఫోటోకీ మధ్య అచ్చయింది. పేరు ‘తెలుగింటి మంగళవాక్కు’. మన ఇళ్ళల్లో బియ్యం అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. దీపం ఆరిపోయిందనరు, కొండెక్కిందంటారు. చేతి గాజు పగిలితే పెరిగిందంటారు. గడప దాటేవాడు వెళ్తున్నానని అనకూడదు, వెళ్ళొస్తానని అనాలి. నోటివెంట అశుభం రాకూడదన్న పాతకాలపు మర్యాద ఇది. ఇంత చిన్న సంగతిని నేను పాదసూచికలతో సహా పేజీలకు పేజీలు సాగదీశాను. ప్రూఫులు చూసిపెట్టిన మా ఆవిడ, “ఇది తెలియని తెలుగువాళ్ళెవరండీ?” అని ఒక్క ముక్క అని పోపు వెయ్యడానికి వెళ్ళిపోయింది. ఆ వ్యాసం మీద వచ్చిన సమీక్ష అదొక్కటే.

ఆ సంచికను ఎవరో పుణ్యాత్ములు కంప్యూటర్లో ఎక్కించారు. ప్రపంచ వృద్ధి వేదికలో డాక్టర్ లిండ్‌క్విస్ట్ అని ఒక పెద్ద ఆర్థికవేత్త ఉన్నాడు. లోటు అనే మాట పలికితే జనం భయపడతారనీ, భయపడితే కొనడం మానేస్తారనీ, కొనకపోతే నిజంగానే లోటు వస్తుందనీ ఆయన సిద్ధాంతం. లోటును లోటని పలకని జాతి భూమ్మీద ఎక్కడైనా ఉందా అని వెతుకుతూ ఆయన నా దగ్గరికి వచ్చి ఆగాడు. ఆయన మన ప్రభుత్వానికి రాశాడు. ప్రభుత్వం తరఫున చక్రధర్ గారనే ఉన్నతాధికారి మా ఇంటికి కారేసుకొని వచ్చారు.

“మాస్టారూ, ప్రపంచం నెరేటివ్ ఎకానమీ దిశగా పరివర్తన చెందుతున్న ఈ తరుణంలో, తమరి వ్యాసాన్ని సముచిత రీతిలో ఆపరేషనలైజ్ చెయ్యాలని ప్రభుత్వం నిర్ణయించింది” అన్నారాయన, మా ఇంటి కాఫీ గ్లాసు రెండువేళ్ళతో పట్టుకుని. “వెయ్యేళ్ళుగా మన జాతి చేతిలో ఒక వృద్ధి సాధనం ఉంది. దాన్ని వంటింట్లో పెట్టి వృథా చేశాం.”

ఆయన చెప్పినదాంట్లో సగం నాకు అర్థం కాలేదు. అర్థమైన సగం నన్ను పొగిడే సగం కావడంతో వెంటనే ఒప్పుకున్నాను.

అలా మంగళ పరిభాషా మండలి పుట్టింది, నేను దానికి ప్రధాన పదశిల్పినయ్యాను. నాకొక గది, గదిలో ఏసీ, కుర్చీ వీపుకు తెల్లటి టర్కీ తువ్వాలు ఏర్పాటు చేశారు. జన్మలో తువ్వాలు కప్పిన కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. అందులో కూర్చుంటే మనిషికి వచ్చే ఆలోచనలే వేరుగా ఉంటాయి. మొదటి వారంలోనే రాష్ట్రంలో నిరుద్యోగులు లేకుండా చేశాను. వాళ్ళందరూ ఉద్యోగోన్ముఖులయ్యారు. మూతపడ్డ ఫ్యాక్టరీలు విశ్రాంత పరిశ్రమలయ్యాయి. కరువుకు వర్షప్రతీక్ష అనీ, పరీక్ష తప్పినవాళ్ళకు పునరధ్యయన అర్హులనీ పేర్లు పెట్టాను. ధరలు పెరగడాన్ని వస్తుగౌరవ వృద్ధి అన్నప్పుడు చక్రధర్ గారు లేచి నిలబడి నాతో కరచాలనం చేశారు. గోదావరి వరదలప్పుడు ఆనకట్ట దగ్గర జారీ చేసే ప్రమాద హెచ్చరికలో ప్రమాదం ఉందని ఎవరో ఎత్తిచూపారు. దాన్ని ఆ సాయంత్రమే మొదటి జల శుభాకాంక్ష, రెండవ జల శుభాకాంక్ష అని మార్చేశాను. పాత మాట ఫైల్లో కనిపిస్తే ఫైలు ముందుకు కదలకుండా ఒక కంప్యూటర్ ప్రోగ్రాం కూడా చేయించారు. తప్పు మాట ఉన్న ప్రతి కాగితాన్నీ అది ‘శుభం పలకండి’ అనే సందేశంతో, నమస్కారం పెడుతున్న రెండు చేతుల బొమ్మతో తిప్పి పంపేది.

ఆ ఏడాది మన రాష్ట్రం అపారంగా ఎదిగింది. ఎదగలేదని చెప్పడానికి మాటలు మిగల్లేదు.

చలికాలంలో నన్ను ప్రపంచ వృద్ధి వేదిక మహాసభకు తీసుకువెళ్ళారు. ఊరి పేరు నాకు నోరు తిరగదు. మంచు మాత్రం పుష్కలంగా ఉంది. పరాయి భాషలవాళ్ళ మధ్య నేనేం మాట్లాడతానా అని బెంగపడ్డాను గానీ, కాసేపు వినేసరికి మా మేనత్తల ఇంటికి వచ్చినట్టు అనిపించింది. అక్కడ తగ్గడాన్ని తగ్గడమనరు, రుణాత్మక వృద్ధి అంటారు. ఫ్యాక్టరీలోంచి జనాన్ని తీసేస్తే సరైన పరిమాణానికి వచ్చిందంటారు. పేద దేశాలను ఎదుగుతున్న దేశాలంటారు. కొన్ని దేశాలు మా తాతల కాలంనుంచీ ఎదుగుతూనే ఉన్నాయట. ఇంత పెద్దవాళ్ళు, సూట్లు వేసుకున్నవాళ్ళు, మా మేనత్త బియ్యం డబ్బా దగ్గర నిలబడి మాట్లాడినట్టే మాట్లాడుతుంటే నాకు భాషాశాస్త్రం మీద గౌరవం పెరిగిపోయింది. మా మేనత్తకు మాత్రం తను మాట్లాడేది మర్యాద అని తెలుసు. డబ్బా మూత పెట్టేశాక పక్కింటికి అప్పుకు వెళ్ళేది.

నేను వేదికనెక్కి ఖాళీ డబ్బా ఒకటి ఎత్తిచూపించి, మా మేనత్త సంగతి చెప్పి ‘నిండుకుంది’ అన్న మాట వివరించాను. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వెనక వరసలో ఏదో చిన్న ద్వీపదేశం నుంచి వచ్చిన ఒకాయన చెయ్యెత్తి, “మరి ఆ పూట మీ మేనత్తగారు ఏం తిన్నారు?” అని అడిగాడు. ప్రశ్న బాగుందిగానీ సమయం లేదన్నారు అధ్యక్షులవారు. సమయం లేదు అన్న మాట నేనక్కడ మొదటిసారి విన్నాను. దాన్ని కూడా మార్చాలేమోనని కాగితమ్మీద గుర్తుపెట్టుకున్నాను.

తిరిగొచ్చిన తర్వాత ఒకరోజు ఆఫీసుకు ఒకావిడ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చేతిలో కొబ్బరిబొండాల గెల. గుమ్మంలో జవాను ఆపబోతే గెల అతని చేతిలో పెట్టి లోపలికి నడిచింది.

“ఆయ్, నమస్కారవండి మాస్టారండి. నా పేరు గుత్తుల వీరవేణండి. అయినాలోరి లంక సర్పంచినండి. మా అర్జీ ఎన్నిసార్లు ఎట్టుకున్నా మీ మిషను తిరగ్గొట్టేత్తందండి.”

“అర్జీలో ఏం రాశారమ్మా?”

“గోదారి మా గట్టు కోసేత్తంది, రాయేయించండి అని రాసేవండి. అంతకంటే ఏం రాత్తావండి? కోత అంటే కుదర్దందండి. పోనీలే అని గట్టు జారిపోతందని రాత్తే అదీ కుదర్దంది. ఇసుగొచ్చేసి ‘మమ్మల్ని కాపాడండి బాబో’ అని రాసేవండి. దండవెట్టిన బొమ్మొకటి పంపిందండి.”

ఆ బొమ్మ చేతులు నావే. ఫోటో దిగినప్పుడు ఎంతో సంతోషపడ్డాను. ఆ సంగతి ఆవిడకు చెప్పలేదు.

అయినాలవారి లంక గోదావరి రెండు పాయల మధ్య ఉన్న ఊరు. ఏటేటా గట్టు విరిగి నదిలో పడుతోంది. రాతికట్టు వెయ్యాలని ఇంజనీర్లు ఎప్పుడో అంచనా తయారుచేశారు. వానాకాలంలో పెద్ద నీరు వచ్చేలోపు రాయి పడాలి.

“ఈ ఏడు రాయి పడకపోతే ముందు రేవు పోద్దండి” అంది వీరవేణి. “తర్వాత బడి. ఆ తర్వాత చివరాకర్న కాలనీ. మిగతావోళ్ళు ఎనక్కి జరిగి ఇంకో పాకేసుకుంటారండి. కాలనీవోళ్ళకి జరగడానికి చోటెక్కడిదండి? ఆళ్ళకి ఎనకాలా గోదారేనండి.”

నాకు జాలేసింది. అంతకంటే ఎక్కువగా ఉబ్బిపోయానని కూడా చెప్పాలి. ఈ రాష్ట్రంలో ఆ యంత్రాన్ని మెప్పించే అర్జీ రాయగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆవిణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి, అప్పటికప్పుడు కలం తీశాను.

‘మా గ్రామమునకు జలసామీప్యము ఏటేటా పెంపొందుచున్నది. పూర్వము దూరముననుండిన గోదావరీమాత ఇప్పుడు మా పెరళ్ళలోనికే విచ్చేయుచున్నది. నిలువ చోటుకు గిరాకీ, చదరపు గజమునకు జనసమృద్ధి అనూహ్యముగా హెచ్చినవి. ఈ ప్రగతికి తగిన శిలాలంకరణ ప్రసాదింప ప్రార్థన.’

వీరవేణి పెదాలు కదుపుతూ రెండుసార్లు చదివింది. “రాతికట్టు మాట ఎక్కడుందండి ఇందులో?”

“శిలాలంకరణ అన్నానుగా. అంతర్లీనంగా ఉంటుందమ్మా.”

“అంతర్లీనంగా ఉంటే కనపడుద్దాండి?”

“కనపడాల్సినవాళ్ళకి కనపడుతుంది” అన్నాను తువ్వాలుకు ఆనుకుని.

యంత్రం ఆ అర్జీని కళ్ళకద్దుకుంది. ఎక్కడా ఆగకుండా ఫైలు చక్రధర్ గారి దగ్గరికి, అక్కడినుంచి మంత్రివర్గ సంఘానికి, అక్కడినుంచి డాక్టర్ లిండ్‌క్విస్ట్ దగ్గరికి వెళ్ళిపోయింది. నెల తిరక్కుండా వీరవేణి మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో బొండాలు లేవు. ఒక ఉత్తరం ఉంది. దాన్ని నా బల్లమీద పరిచి వేలు పెట్టి చూపించింది.

‘సదరు గ్రామము జల సామీప్య వృద్ధియందు ప్రపంచస్థాయి పురస్కారమునకు ఎంపికైనందున, అవసరార్థ గ్రామముల జాబితానుండి ఉద్ధరింపబడినది. తత్ఫలితముగా సదరు గ్రామమునకు ప్రతిపాదింపబడిన రాతికట్టు అంచనాను ఆనందముతో ఉపసంహరించుకొనడమైనది.’

“ఆనందవెవరికండి?” అని అడిగింది వీరవేణి.

నేను ఫ్యాను వంక చూశాను. ఏసీ గదిలో ఫ్యాను తిరగడం లేదు. ఒకామె ఊరు నీళ్ళలో పడిపోతుంటే దానికి నేను అలంకారాలు కట్టాను. ఆ అలంకారాలు నమ్మేసి ప్రభుత్వం ఆమెకు బహుమతి ఇచ్చింది. నాకు సిగ్గేసింది. సిగ్గు అన్న మాటకు బదులు ఇంకేదైనా ఉందా అని అలవాటుగా వెతుక్కున్నాను గానీ దొరకలేదు.

పురస్కార సభ లంకలోనే పెట్టారు. చక్రధర్ గారు, డాక్టర్ లిండ్‌క్విస్ట్, ఇద్దరు ముగ్గురు మాననీయులు, ఫోటోగ్రాఫర్లు, వాళ్ళ వెనక ఫ్లెక్సీలు, ఏరు దాటించే పంటు మీద దిగారు. నేను దుబాసీని. రేవులో మెట్లు సగం విరిగి ఉంటే, లిండ్‌క్విస్ట్ వాటిని చూసి పురాతన కట్టడాలా అని అడిగాడు. పోయినేటివి అని చెప్పాను. ఆయన నోట్సు రాసుకున్నాడు.

సభలో వీరవేణిని మాట్లాడమన్నారు. చక్రధర్ గారి కార్యాలయం ఆమెకు ప్రసంగం రాసి ఇచ్చింది. ఆమె దాన్ని మడిచి బొడ్లో దోపుకుంది.

“అందరికీ దండాలండి. నేను నాలుగు ముక్కలు చెప్పేసి కూకుంటానండి. మా ఊరు గోదారి తినేత్తందండి. మేం కూకున్న ఈ చోటు వొచ్చే ఏడు ఉండదండి. మాకు దండలొద్దండి, రాయి కావాలండి.”

చక్రధర్ గారు నావైపు తిరిగి కళ్ళతో సైగ చేశారు. దాని అర్థం నాకు తెలుసు. ఆ మాటలను ఎలా తిప్పాలో కూడా తెలుసు, నోట్లో తయారుగానే ఉన్నాయి. కానీ బొండాలు లేని ఆ చేతులు చూసి, ఉద్యోగం పోతే పోయిందని, ఆమె చెప్పింది చెప్పినట్టు ఇంగ్లీషులో చెప్పేశాను. ఈ ఊరిని నది తింటోందని, రాళ్ళు కావాలని.

 డాక్టర్ లిండ్‌క్విస్ట్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

“అద్భుతం” అన్నాడు. “నది ఊరిని తినడం! ఎంత గొప్ప రూపకం! మేము పాతికేళ్ళుగా సమావేశాలు పెట్టుకుంటున్నాం, ఇంత శక్తివంతమైన ఉపమానం మాకు తట్టలేదు. ఇది వచ్చే మహాసభకు నినాదంగా పెట్టుకోవచ్చా అని ఆమెను అడగండి.”

నేను జీవితంలో పలికిన ఒకే ఒక్క సూటి మాట అలంకారమైపోయింది. వీరవేణి ఏమన్నాడని అడిగితే, “నువ్వు బాగా మాట్లాడావన్నాడమ్మా” అన్నాను.

“బాగా మాటాడ్డవేంటండి, రాయెప్పుడేత్తాడంట?”

“అది చెప్పలేదు.”

ఆవిడ కాసేపు వచ్చినవాళ్ళను ఒక్కొక్కరినీ ఎగాదిగా చూసింది. తర్వాత శిలాఫలకం దగ్గర జరుగుతున్న చర్చ వైపు వెళ్ళింది. నల్లరాతి పలక మీద బంగారురంగు అక్షరాలతో పురస్కారం పేరు, కింద మాననీయుల పేర్లు, చక్రధర్ గారి పేరు, లిండ్‌క్విస్ట్ పేరు, అందరి కిందా చీమ తలంత అక్షరాల్లో ‘పదశిల్పి: పేరి అనంతపద్మనాభం’ అని ఉన్నాయి. నాకూ ముచ్చటేసింది, దాచను. దాన్ని పంచాయతీ ఆఫీసు ముందు నిలబెట్టాలని అధికారులు అనుకుంటున్నారు.

“ఇక్కడెందుకండి బాబూ, మేవెల్లా చూత్తాం, మాకు చదూరాదు” అంది వీరవేణి ఎంతో వినయంగా. “గట్టు చివర ఎట్టించండి, గోదారి కేసి. వొచ్చేపోయే లాంచీలోళ్ళు కూడా తవరి పేర్లు చదూకుంటారు.”

మాననీయులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లాంచీల సంగతి వాళ్ళకు తట్టలేదు. ఫలకాన్ని గట్టు అంచున, నీళ్ళవైపు ముఖం పెట్టి పాతారు. నీరు అప్పటికే కింద మట్టిని తొలుచుకుంటూ ఉంది.

కొద్ది వారాలకు చక్రధర్ గారి నుంచి అర్జెంటుగా పిలుపు వచ్చింది. ఆయన ముఖం పాలిపోయి ఉంది.

“మాస్టారూ, జూనియర్ ఇంజనీర్ రిపోర్టు ప్రకారం, లంకలోని శిలాఫలకం అచిరకాలంలో జలప్రవేశం చేసే అవకాశం మెరుగుపడింది. ఫలకం మీద ఎవరెవరి నామధేయాలున్నాయో తమరికి తెలుసు. ఆ నామధేయాలు బోర్లా పడి నీళ్ళలో ఉన్న ఫోటో ఒకటి బయటికొస్తే నా సర్వీసు…” ఆయనకు మాట రాలేదు. మొదటిసారి ఆయనకు మాట రాకపోవడం చూశాను.

ఫైలుకు ‘శిలాఫలక గౌరవ పరిరక్షణ’ అని పేరు పెట్టి ఇచ్చాను. అందులో కోత లేదు, వరద లేదు, ఊరు కూడా లేదు. యంత్రం ఆ రోజే పాస్ చేసింది. ఏళ్ళ తరబడి దొరకని రాయి పంటులకు పంటులు దిగింది. ఫలకానికి అటూ ఇటూ, ఫోటోలు తీసుకునేవాళ్ళు నిలబడేంత మేర కూడా కలిపి, దిట్టమైన రాతికట్టు లేచింది. రేవు బతికింది.

వీరవేణి ఫోన్ చేసింది. “మాస్టారండీ, రాయి పడిందండి.”

“చాలా సంతోషం తల్లీ.”

“ఇంకో అవార్డు ఇప్పించండి. బడి కాడికి.”

“అమ్మా, పురస్కారాలంటే అలా అడిగితే…”

“ఫలకం ఎక్కడుంటే అక్కడే రాయేత్తన్నారండి. నేనెక్కడ ఎట్టమంటే ఫలకం అక్కడ ఎడతన్నారండి. మాటలు మీ కాడున్నాయి కదండి.”

ఫలకం గోదావరి వైపు ఎందుకు పెట్టించిందో నాకు అప్పుడు వెలిగింది. ఇన్ని భాషల ఆర్థికవేత్తలు చెయ్యలేని పనిని ఆవిడ ఒక్క వినయంతో చేసేసింది.

ఆ రోజునుంచి నేను మనసుపెట్టి పనిచేశాను. బడి ముందు గట్టుకు ‘అలల ఆతిథ్య పురస్కారం’ వచ్చింది. మంచినీళ్ళ ట్యాంకు దగ్గర ‘తీరసౌభాగ్య శిఖర సమ్మానం’ నిలబడింది. లిండ్‌క్విస్ట్ ప్రతిదానికీ పొంగిపోయి సంతకం పెట్టాడు. ఒకే గ్రామం ఇన్నిరకాలుగా ఎదగడం ప్రపంచంలో ఎక్కడా లేదట. ఫలకం వెడల్పు మాట పొడవును బట్టి, కట్టు వెడల్పు ఫలకాన్ని బట్టి ఉంటుందని వీరవేణే కనిపెట్టింది. “ఇక్కడ చిన్న మాట సరిపోద్దండి, గట్టు తక్కువే ఉంది” అనేది. “ఇక్కడ మాత్రం కూంత పొడుగుది కావాలండి.” బట్టల కొట్లో గుడ్డ కొలిపించుకున్నట్టు నా దగ్గర సమాసాలు కొలిపించుకునేది. నా పాఠాలు ఇంత ఉపయోగపడ్డ విద్యార్థి నా సర్వీసులో మరొకరు లేరు.

చివరికి కాలనీ మిగిలింది. లంకలో అన్నిటికంటే పొడవైన గట్టు అదే. మాననీయులు ఎవరూ ఆ వైపు అడుగుపెట్టరు గనక, దానికి మామూలు మాట చాలదు, చాలా గొప్పది కావాలి. నాకేమో మాటలు అయిపోయాయి. వృద్ధి, ప్రగతి, ఉన్నతి, వికాసం, అన్నీ వాడేశాను. నిఘంటువులు ముందేసుకుని రోజుల తరబడి కూర్చున్నాను. ఏదో ఒకటి కుదురుతున్నట్టే ఉండి, సంధి దగ్గర తేడా వచ్చేది. లేదా అర్థం పక్కకు పోయేది. నలభై ఏళ్ళు పిల్లల సమాసాలకు ఎర్రసిరా పెట్టినవాణ్ణి, తప్పు మాట నా పేరుతో రాతిమీద ఎక్కడానికి మనసొప్పలేదు.

ఎగువన వానలు మొదలయ్యాయి. ఆనకట్ట దగ్గర మొదటి జల శుభాకాంక్ష జారీ చేశారని రేడియోలో చెప్పారు. చదివినమ్మాయి గొంతు ఎంతో ఆహ్లాదంగా ఉంది. మధ్యాహ్నం వీరవేణి ఫోన్ వచ్చింది. వెనకాల గాలి, జనం కేకలు.

“మాస్టారండీ, కాలనీ కాడ గట్టు నెర్రిచ్చిందండి. పిల్లల్నీ ముసలోళ్ళనీ బళ్ళోకి చేర్చేత్తన్నాం. మాట ఎంతవరకొచ్చిందండి?”

“ఒకటి అనుకున్నానమ్మా. సమాసం సరిగ్గా కుదరడంలేదు. ఇంకొక్క రోజు…”

ఆవిడ అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

“సమాసవంటే ఏంటో నాకు తెల్దండి” అంది మెల్లగా. “కుదరకపోతే కుదరకండానే పంపెయ్యండి మాస్టారండి.”

ఫోన్ పెట్టేశాక నా బల్ల మీదున్న నిఘంటువులు చూసి నామీద నాకే అసహ్యం వేసింది. అక్కడ మనుషులు మంచాలు నెత్తిన పెట్టుకుని పరిగెత్తుతుంటే నేనిక్కడ సంధి చూసుకుంటున్నాను. గుర్తొచ్చిన ఉపసర్గలన్నిటినీ ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి, ధాతువు లేకుండా, చివర సున్నా తగిలించి రాసేశాను: ప్రత్యభ్యుపసమనుపర్యధివ్యం. పల్లకీ మోసేవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, పల్లకీలో మాత్రం ఎవరూ లేరు. ఏ పిల్లవాడైనా ఇలాంటిది రాసివుంటే సున్నా వేసి, తండ్రిని పిలిపించేవాణ్ణి. ‘ఈ పదము సార్థకమని ధ్రువీకరించుచున్నాను’ అన్న చోట పూర్తి పేరుతో సంతకం చేశాను.

చక్రధర్ గారు మాటను మూడు విడతల్లో చదివారు. “అర్థం?”

“దీనికి సరైన మాట ఇంతవరకూ ఇంగ్లీషులో లేదండి” అన్నాను. అబద్ధమేమీ కాదు.

ఆయన ముఖం వికసించింది. “అయితే మనమే ప్రథములం” అని ఆ క్షణమే సంతకం పెట్టారు. ఫలకం సిద్ధంకాక ముందే, ఫలకం రాబోయే చోటి గౌరవం కోసమని రాయి బయల్దేరింది. అంత పొడుగు మాటకు తగ్గట్టు కాలనీ ఈ కొసనుంచి ఆ కొసదాకా పడింది. లంకలో నడవగలిగిన ప్రతి ఒక్కరూ వానలో నిలబడి రాయి అందించారట. రెండో శుభాకాంక్ష వచ్చింది, మూడోది కూడా వచ్చింది. గోదావరి వచ్చి ఆ రాయికి ఒరుసుకుంటూ పారింది. లోపలికి రాలేదు.

నీరు తీశాక ఫలకం నిలబెట్టారు, ఆవిష్కరణకు నేను కూడా వెళ్ళాను. ప్రపంచ వృద్ధి వేదికవారు ఆ మాట మీద వచ్చే ఏడాది మహాసభ పెడుతున్నారనీ, దాన్ని కొలవడానికి ఒక సూచీ తయారవుతోందనీ, మొదటి ఉపన్యాసం నాదేననీ పంటు మీద చక్రధర్ గారు చెప్పారు. ఇప్పటికే మూడు దేశాలు తమకు అది సమృద్ధిగా ఉందని ప్రకటించాయట.

కాలనీ ఆడవాళ్ళు ఫలకం మీద అప్పుడే తడిచీరలు ఆరేశారు. అధికారులు వాటిని తీయించి ఫోటోలు దిగి వెళ్ళిపోయారు. నేనూ వీరవేణీ రాతికట్టు మీద మిగిలాం. నది అవతల ఒక లంక కనిపిస్తోంది. ఆ ఊరికి ఏ పురస్కారమూ రాలేదు. ఒడ్డున ఉండాల్సిన కొబ్బరిచెట్లు నీళ్ళలో తలకిందులుగా ఉన్నాయి, వాటి వెనక గోడలు సగానికి తెగిన ఇళ్ళు, ఇళ్ళ మధ్య చేతులు కట్టుకుని నిలబడ్డ మనుషులు.

వీరవేణి ఫలకం మీది అక్షరాలను వేలితో తడిమింది.

“దీని అర్తం ఏంటండీ మాస్టారండి?”

“ఏమీ లేదమ్మా” అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా నోటినుంచి వస్తుందనుకోలేదు. “దీనికి అర్థమే లేదు.”

ఆవిడ ఆశ్చర్యపోలేదు. అవతలి లంక వైపే చూస్తోంది.

“అయితే ఆళ్ళక్కూడా ఒకటి రాయండి” అంది. “అర్తం కోసం కూకోకండి. పొడుగ్గా రాయండి.”